ఫైల్ సరిపోతుందా, సర్వర్ కావాలా: డేటాబేస్‌ను ఎంచుకునే విధానం

కొత్త అప్లికేషన్ మొదలుపెట్టేటప్పుడు డేటాబేస్ గురించి జరిగే చర్చ చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: "మన డేటా ఎంత పెరుగుతుంది?" కొద్దిగానే ఉంటుందంటే ఎస్‌క్యూలైట్ అనే ఫైల్ డేటాబేస్, బాగా పెరుగుతుందంటే పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్ వంటి సర్వర్ డేటాబేస్ అని అక్కడికక్కడే తేల్చేస్తారు. ఆ నిర్ణయం ఒక్కోసారి సరైనదే అవుతుంది గానీ, అందుకు కారణం డేటా పరిమాణం కాదు. ఎస్‌క్యూలైట్ ఒకే ఫైల్‌లో సుమారు 281 టెరాబైట్ల వరకు ఉంచగలదు. అంత డేటా పోగయ్యే అప్లికేషన్‌ను మనలో రాసేవారు అరుదు. ముందుగా తేల్చుకోవలసినవి రెండు: ఒకే సమయంలో ఎన్ని చోట్ల నుంచి డేటాబేస్‌లోకి రాతలు వస్తాయి, ఆ రాసే ప్రోగ్రాములన్నీ ఒకే యంత్రంలో ఉంటాయా లేక వేర్వేరు యంత్రాలలో ఉంటాయా. మిగిలిన విషయాలు వీటి తర్వాతే వస్తాయి.

తేడా ఎక్కడ ఉంది

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ వంటివి విడిగా నడిచే ప్రోగ్రాములు. మన అప్లికేషన్ వాటికి కనెక్షన్ తెరిచి, ప్రశ్న పంపి, జవాబు కోసం ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్ సాధారణంగా 5432వ పోర్టులో, మైఎస్‌క్యూఎల్ 3306వ పోర్టులో ఎదురుచూస్తూ ఉంటాయి. ఎస్‌క్యూలైట్‌కు పోర్టు లేదు, యూజర్ పేరు లేదు, పాస్‌వర్డ్ లేదు, విడిగా నడిచే ప్రాసెస్ కూడా లేదు. సుమారు ఒక మెగాబైట్ ఉండే లైబ్రరీ మన ప్రోగ్రాములోనే కలిసిపోయి, డిస్క్ మీది ఫైల్‌ను నేరుగా చదువుతుంది, రాస్తుంది.

దాని పుట్టుక తెలిస్తే దాని స్వభావం ఇంకా బాగా అర్థమవుతుంది. 2000లో దాని రూపకర్త రిచర్డ్ హిప్ అమెరికా నౌకాదళపు యుద్ధనౌకల కోసం ఒక సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. అది ఇన్‌ఫార్మిక్స్ డేటాబేస్ సర్వర్ మీద ఆధారపడేది. సర్వర్ పడిపోతే, సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేకపోయినా, సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోతున్నామన్న సందేశమే తెరమీద కనిపించేది. నిర్వహించడానికి అడ్మినిస్ట్రేటర్ అవసరం లేకుండా, మధ్యలో సర్వరే లేకుండా, ఫైల్ నుంచి నేరుగా చదివే డేటాబేస్ ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. ఈనాడు ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులోనూ, ప్రతి ఐఫోనులోనూ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోనూ అది ఉంది. కాబట్టి దానిని "చిన్న పోస్ట్‌గ్రెస్" అనుకోవడం పొరపాటు. మనం సొంతంగా రాసుకునే ఫైల్ ఫార్మాట్‌కు బదులుగా వచ్చినదిగా దాన్ని చూస్తే ఎక్కడ నప్పుతుందో, ఎక్కడ నప్పదో త్వరగా తెలుస్తుంది.

మొదటి పని: రాతలను లెక్కపెట్టడం

కాగితం మీద మీ అప్లికేషన్‌లో డేటాబేస్‌లోకి రాసే ప్రతి భాగాన్నీ వరుసగా రాసుకోండి: వెబ్ ప్రాసెస్‌లు, వెనుక నడిచే పనులు, రాత్రిపూట నడిచే దిగుమతులు, అడ్మిన్ పేజీలు. ఒక్కొక్కదాని ఎదురుగా అది ఏ యంత్రంలో నడుస్తుందో రాయండి. ఆ జాబితాలో రెండో యంత్రం కనిపించిందంటే ఎస్‌క్యూలైట్ సంగతి దాదాపు అక్కడితో ముగిసినట్లే. ఫైల్‌ను నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టి రెండు యంత్రాల నుంచి తెరుద్దామన్న ఉపాయం చాలామందికి తడుతుంది. దయచేసి ఆ దారిలో వెళ్లకండి. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లలో లాక్‌లు (ఒకరు రాస్తుండగా మిగిలినవారిని ఆపే ఏర్పాట్లు) నమ్మదగినట్లు పనిచేయకపోవడం వల్ల ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. పైగా తర్వాత చెప్పబోయే వాల్ (రైట్-అహెడ్ లాగ్) పద్ధతికి ఆ ఫైల్‌ను తెరిచిన ప్రాసెస్‌లన్నీ ఒకే యంత్రపు మెమరీని పంచుకోవడం తప్పనిసరి.

అన్నీ ఒకే యంత్రంలో ఉంటే ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. రెండు టెర్మినల్ విండోలు తెరిచి, రెండింటిలోనూ ఎస్‌క్యూలైట్ షెల్‌తో ఒకే ఫైల్‌ను తెరవండి. మొదటి విండోలో ఒక టేబుల్ సృష్టించి, అందులో ఒక వరుస చేర్చి, తర్వాత "బిగిన్ ఇమీడియట్" ఇచ్చి, ఇంకో వరుస చేర్చి, కమిట్ చేయకుండా, అంటే మార్పును ఖాయం చేయకుండా, వదిలేయండి. రెండో విండోలో సెలెక్ట్ (చదివే ఆదేశం) నడపండి. పాత డేటా చక్కగా కనిపిస్తుంది. ఇప్పుడు అక్కడే ఒక ఇన్సర్ట్ (వరుస చేర్చే ఆదేశం) నడపండి. "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అన్న సందేశం క్షణంలో వస్తుంది. తర్వాత రెండో విండోలో టైమౌట్‌ను 10,000 మిల్లీసెకన్లకు మార్చి అదే ఇన్సర్ట్ మళ్లీ ఇచ్చి, ఆ పది సెకన్లలోపు మొదటి విండోలో కమిట్ చేయండి. అప్పటిదాకా కదలకుండా నిలిచిన ఇన్సర్ట్ వెంటనే పూర్తవుతుంది. ఇదే ప్రయోగాన్ని పోస్ట్‌గ్రెస్‌లో చేస్తే రెండు ఇన్సర్ట్‌లూ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా పూర్తవుతాయి; ఇద్దరూ ఒకే వరుసను మార్చబోయినప్పుడు మాత్రమే రెండోవారు ఆగవలసి వస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో లాక్ మొత్తం డేటాబేస్‌కు, పోస్ట్‌గ్రెస్‌లోనూ, మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీలోనూ వరుసకు. ఈ పది నిమిషాల ప్రయోగం ఎన్ని పట్టికలు చదివినా రాని స్పష్టతను ఇస్తుంది.

"ఒకసారికి ఒక్కరే రాయగలరు" అనగానే చాలామంది ఎస్‌క్యూలైట్‌ను పక్కన పెట్టేస్తారు. అంత తొందర అక్కర్లేదు. ఒక రాత ట్రాన్సాక్షన్‌కు, అంటే ఒకేసారి ఖాయమయ్యే మార్పుల గుంపుకు, 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, ఒకదాని వెనుక ఒకటిగా నిలబడ్డా సెకనుకు 500 పూర్తవుతాయి. మామూలు వెబ్ అప్లికేషన్లకు అందులో పదో వంతు కూడా అవసరం పడదు. అసలు చిక్కు ట్రాన్సాక్షన్ల సంఖ్యలో కంటే వాటి నిడివిలో ఉంటుంది. ట్రాన్సాక్షన్ తెరిచి, ఒక వరుస రాసి, దాన్ని మూయకుండానే బయటి సేవకు కబురు పంపి ఒక సెకను ఎదురుచూసే కోడ్ ఉంటే, ఆ సెకనంతా మిగిలిన రాతలన్నీ నిలిచిపోతాయి. కాబట్టి లెక్కపెట్టేటప్పుడు ట్రాన్సాక్షన్ ఎంతసేపు తెరిచి ఉంటుందో కూడా కొలవండి. అలాంటి కోడ్ సర్వర్ డేటాబేస్‌లోనూ మంచిది కాదు. అక్కడ దాని బాధ కాస్త ఆలస్యంగా బయటపడుతుంది, అంతే.

వేగాన్ని కొలిచేటప్పుడు మోసపోకుండా

రెండింటినీ పోల్చే పరీక్షలు రాసినవారి ఉద్దేశాన్ని బట్టి ఎటైనా మొగ్గుతాయి. ఉదాహరణకు పది వేల వరుసలను ఒక్కొక్కటిగా ఎస్‌క్యూలైట్‌లో చేర్చి "ఎంత నెమ్మదిగా ఉందో" అని చూపేవారు ఉన్నారు. ప్రతి ఇన్సర్ట్‌కూ విడిగా కమిట్ జరిగితే, ప్రతిసారీ డేటా నిజంగా డిస్క్‌కు చేరిందని నిర్ధారించుకునేదాకా ఎస్‌క్యూలైట్ ఆగుతుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే పాతకాలపు హార్డ్ డిస్క్ మీద ఇలా సెకనుకు సుమారు 60 ట్రాన్సాక్షన్లే పూర్తవుతాయి. అదే వరుసలను ఒకే ట్రాన్సాక్షన్‌లో చుట్టి పంపితే సెకనుకు వేల సంఖ్యలో చేరతాయి. ఎస్‌ఎస్‌డీ మీద ఆ అంతరం తగ్గుతుంది గానీ పోదు. కమిట్ ఖర్చు సర్వర్ డేటాబేస్‌కూ ఉన్నదే కనుక, పోలిక న్యాయంగా ఉండాలంటే రెండు వైపులా ఒకే పరిమాణపు ట్రాన్సాక్షన్లు వాడండి.

చదవడంలో పరిస్థితి తారుమారవుతుంది. సర్వర్ వేరే యంత్రంలో ఉండి, ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి అర మిల్లీసెకను పడితే, ఒక పేజీ కోసం 200 చిన్న క్వెరీలు (ప్రశ్నలు) పంపే అప్లికేషన్ ఆ రాకపోకలకే 100 మిల్లీసెకన్లు ఖర్చుపెడుతుంది. అందుకే సర్వర్ డేటాబేస్‌లతో పనిచేసేవారు లూప్‌లో క్వెరీలు రాయవద్దని, అన్నింటినీ ఒక జాయిన్‌లో (పలు టేబుళ్లను కలిపి అడిగే ఒకే ప్రశ్నలో) కలపమని పదేపదే చెబుతారు. ఎస్‌క్యూలైట్‌లో క్వెరీ అంటే మన ప్రోగ్రాములోనే ఒక ఫంక్షన్‌ను పిలవడం. 200 చిన్న క్వెరీలు అక్కడ తప్పు కాదు, కోడ్ చదవడానికి తేలికగా ఉంటే అదే మేలు కూడా. అయితే తర్వాత సర్వర్‌కు మారే ఉద్దేశం ఉంటే ఆ అలవాటును మొదట్లోనే అదుపులో పెట్టుకోండి. మారిన రోజున డేటాబేస్ బాగానే ఉండి, పేజీలు మాత్రం పాకుతుంటాయి.

ఎస్‌క్యూలైట్‌ను ఎంచుకుంటే

దాని మొదటి అమరికలు పాత కోడ్ చెడిపోకూడదన్న జాగ్రత్తతో ఉంచినవి, అందువల్ల వాటిని యథాతథంగా వదిలేయకూడదు. ముందుగా జర్నల్ మోడ్‌ను (మార్పులను నమోదు చేసే పద్ధతిని) వాల్‌కు మార్చండి. 2010లో వచ్చిన ఈ పద్ధతిలో కొత్త మార్పులు ముందు పక్కనున్న వేరే ఫైల్‌లో చేరి, తర్వాత అసలు ఫైల్‌లోకి వెళ్తాయి; అందువల్ల చదివేవారు రాసేవారిని ఆపరు, రాసేవారు చదివేవారిని ఆపరు. ఈ మార్పు ఒకసారి చేస్తే ఫైల్‌లోనే నిలుస్తుంది. రాతలు చిన్నవిగా తరచుగా ఉంటే డేటా డిస్క్‌కు చేరేదాకా ఎంతవరకు ఆగాలో చెప్పే సింక్రనస్ అమరికను ఫుల్ నుంచి నార్మల్‌కు తగ్గించడం వల్ల వేగం పెరుగుతుంది; కరెంటు పోయినప్పుడు చివరి కొన్ని కమిట్‌లు పోవచ్చు గానీ ఫైల్ పాడవదు. డబ్బు లెక్కలుంటే ఫుల్ దగ్గరే ఉంచండి.

ఆ తర్వాత బిజీ టైమౌట్‌ను (లాక్ కోసం ఆగే గడువును) కొన్ని సెకన్లకు పెంచండి, ఫారిన్ కీ (ఒక టేబుల్ వరుస మరో టేబుల్ వరుసను సూచించే కాలమ్) తనిఖీని ఆన్ చేయండి. ఈ రెండూ ఫైల్‌లో నిలవవు, కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ఇవ్వాలి. ఫారిన్ కీలు టేబుల్ నిర్వచనంలో రాసి ఉన్నా తనిఖీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుందన్న సంగతి తెలియక, తాము సూచించే వరుసే లేని అనాథ వరుసలను ఏళ్ల తరబడి పోగుచేసుకున్న అప్లికేషన్లు తక్కువేమీ కాదు.

టైమౌట్ పెంచినా "లాక్డ్" సందేశం వస్తోందని వాపోయేవారు తమ ట్రాన్సాక్షన్ల తొలి వాక్యాన్ని చూసుకోవాలి. ఉత్త "బిగిన్"తో మొదలైన ట్రాన్సాక్షన్ ముందు చదివి, ఆ తర్వాత రాయబోతుంది. ఈ లోపల మరొకరు రాసి ఉంటే, అది చదివిన స్థితి పాతబడిపోయింది; ఎంతసేపు ఆగినా ఆ స్థితి మళ్లీ కొత్తది కాదు కనుక, ఎస్‌క్యూలైట్ టైమౌట్ కోసం ఆగకుండానే తిరస్కరిస్తుంది. రాయబోయే ట్రాన్సాక్షన్‌ను "బిగిన్ ఇమీడియట్"తో మొదలుపెడితే అది మొదట్లోనే రాత లాక్‌ను తీసుకుంటుంది కనుక ఈ చిక్కు ఉండదు.

కొత్తగా సృష్టించే టేబుళ్లకు 2021 నుంచి అందుబాటులో ఉన్న "స్ట్రిక్ట్" మాటను చేర్చడం కూడా మంచిది. అది లేకపోతే అంకెల కాలమ్‌లో అక్షరాలు చేర్చినా ఎస్‌క్యూలైట్ కాదనదు. ఆ వెసులుబాటును దాని రూపకర్తలు సుగుణమంటారు. నాకైతే ఆ మాట మీద ఇంతవరకు నమ్మకం కుదరలేదు.

బ్యాకప్ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. వాల్ పద్ధతిలో నడుస్తున్న ఒక చిన్న అప్లికేషన్‌కు రోజూ రాత్రి అసలు ఫైల్‌ను కాపీ చేసే స్క్రిప్టు పెట్టి, అంతటితో పని అయిపోయిందనుకున్నాను. ఒకసారి ఆ కాపీ నుంచి డేటాను తిరిగి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు చివరి కొద్ది రోజుల వరుసలు అందులో లేవు. కారణం వెతికితే తేలిక: పక్క ఫైల్‌లోని మార్పులు డిఫాల్ట్‌గా 1000 పేజీలు, అంటే సుమారు 4 మెగాబైట్లు పోగైనప్పుడే అసలు ఫైల్‌లోకి వెళ్తాయి. రాతలు తక్కువగా ఉండి, ప్రోగ్రాము వారాల తరబడి ఆగకుండా నడిచే చోట అంత పోగవడానికి రోజులు పడుతుంది. స్క్రిప్టు కాపీ చేయనిది సరిగ్గా ఆ పక్క ఫైల్‌నే. కాబట్టి నడుస్తున్న ఫైల్‌ను మామూలు కాపీ ఆదేశంతో ఎప్పుడూ తీసుకోకండి. షెల్‌లోని బ్యాకప్ ఆదేశాన్ని గానీ, "వాక్యూమ్ ఇన్‌టూ" వాక్యాన్ని గానీ వాడండి. మార్పులను ఎప్పటికప్పుడు వేరే చోటికి పంపాలనుకుంటే లైట్‌స్ట్రీమ్ వంటి పరికరాలున్నాయి. తీసుకున్న కాపీని నెలకోసారైనా తెరిచి, "ఇంటెగ్రిటీ చెక్" నడిపి, చివరి వరుస తేదీ చూడండి.

సర్వర్‌ను ఎంచుకుంటే దక్కేవి, మోయవలసినవి

రాతలు అనేక యంత్రాల నుంచి వస్తున్నప్పుడు సర్వర్ తప్పదు. అది కాక మరో మూడు కారణాలకు కూడా సర్వర్ వైపు వెళ్లవచ్చు. ఒకటి, అనుమతులు: ఎస్‌క్యూలైట్ ఫైల్‌ను తెరవగలిగినవారు అందులోని సమస్తాన్నీ చూడగలరు, పోస్ట్‌గ్రెస్‌లో మాత్రం ఎవరు ఏ టేబుల్ చూడవచ్చో, ఆ టేబుల్‌లో ఏ వరుసలు చూడవచ్చో కూడా నిర్ణయించవచ్చు. రెండు, యంత్రం పాడైనా సేవ ఆగకూడదన్న అవసరం. దీనికి రెప్లికాలు, అంటే వేరే యంత్రాల్లో నడిచే నకళ్లు, కావాలి. మూడు, గడిచిన ఏ నిమిషానికైనా డేటాను వెనక్కి తీసుకెళ్లగల బ్యాకప్. ఇవి మీ అవసరాల్లో ఉంటే రాతలు కొద్దిగానే ఉన్నా సర్వర్‌నే తీసుకోండి.

వాటికి తగ్గ పని కూడా మీద పడుతుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రాసెస్‌ను కేటాయిస్తుంది, డిఫాల్ట్‌గా 100 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. అప్లికేషన్ ప్రాసెస్‌లు పెరిగినకొద్దీ ఆ పరిమితి ఇరుకవుతుంది. అప్పుడు సంఖ్యను గుడ్డిగా పెంచడం కంటే మధ్యలో పీజీబౌన్సర్ వంటి పూలర్‌ను (కొద్ది కనెక్షన్లనే అందరికీ పంచే ప్రోగ్రామును) పెట్టడం మేలు. డేటాను మెమరీలో ఉంచుకోవడానికి కేటాయించే షేర్డ్ బఫర్స్ డిఫాల్ట్‌గా 128 మెగాబైట్లే ఉంటాయి, అంతకంటే ఎంతో ఎక్కువ మెమరీ ఉన్న యంత్రంలో దాన్ని అలాగే వదిలేసి "నెమ్మదిగా ఉంది" అనడం సరికాదు. ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ల మద్దతు ఉంటుంది. ఆ గడువులోపు అప్‌గ్రేడ్ చేయడం ఒక ప్రణాళిక ప్రకారం చేయవలసిన పని.

వాక్యూమ్ అనే మాట రెండు చోట్లా ఉంటుంది గానీ అర్థాలు వేరు. ఎస్‌క్యూలైట్‌లో అది ఫైల్ మొత్తాన్ని తిరగరాసి ఖాళీ చోటును తగ్గిస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో వరుసను మార్చినప్పుడు పాత ప్రతి అలాగే మిగిలిపోతుంది కనుక, ఆ పాత ప్రతుల చోటు మళ్లీ వాడుకోవడానికి వీలుగా శుభ్రం చేసే పనిని ఆటోవాక్యూమ్ వెనుక నుంచి చేస్తూ ఉంటుంది. దాన్ని ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

మూడో దారి కూడా ఉంది

ఎంబెడెడ్, అంటే మన ప్రోగ్రాములోనే కలిసి నడిచే డేటాబేస్ అంటే ఎస్‌క్యూలైట్ ఒక్కటే కాదు. కోట్ల వరుసలను ఒకేసారి చదివి మొత్తాలు, సగటులు తీసే పనికి ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పుట్టి, 2019లో విడుదలైన డక్‌డీబీ ఎంతో అనువైనది. అది డేటాను వరుసలుగా కాక కాలమ్‌లుగా నిల్వ చేస్తుంది కనుక, ముప్పై కాలమ్‌లున్న టేబుల్‌లో రెండు కాలమ్‌ల మొత్తాలు అడిగితే ఆ రెండింటినే చదువుతుంది. నివేదికల కోసమే పెద్ద సర్వర్ పెట్టబోతున్నవారు ముందు దీన్ని ప్రయత్నించి చూడాలి. ఎస్‌క్యూఎల్ అక్కర్లేక, కీ ఇస్తే విలువ రావడం చాలనుకునేవారికి ఎల్‌ఎండీబీ, రాక్స్‌డీబీ ఉన్నాయి.

ఒకదాని నుంచి మరొకదానికి మారడం

ఎస్‌క్యూలైట్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారేటప్పుడు టేబుళ్ల నిర్మాణం కంటే వాటిలో నిజంగా ఉన్న విలువలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అందుకే ముందుగా ప్రతి కాలమ్ మీద విలువ రకాన్ని చెప్పే టైప్‌ఆఫ్ ఫంక్షన్‌తో గ్రూప్ చేసి లెక్క తీయండి. వయసు కాలమ్‌లో 40,000 పూర్ణాంకాలతో పాటు 12 టెక్స్ట్ విలువలు కనిపించాయంటే, ఆ 12 వరుసల దగ్గరే పోస్ట్‌గ్రెస్ లోడింగ్ ఆగిపోతుంది. వాటిని ఎస్‌క్యూలైట్‌లో ఉండగానే సరిచేయండి. అక్కడ తేదీకి విడి టైప్ లేదు. టెక్స్ట్‌గానో, అంకెగానో దాస్తారు, ఒకే కాలమ్‌లో రెండు రకాలూ కలిసి ఉండవచ్చు. అవును-కాదు విలువలు 1, 0గా ఉంటాయి. పది అక్షరాలకు పరిమితమని రాసిన కాలమ్‌లో యాభై అక్షరాలున్నా ఎస్‌క్యూలైట్ ఇన్నాళ్లూ మాట్లాడి ఉండదు.

తర్వాత క్వెరీల వంతు. టెక్స్ట్‌ను వెతికే "లైక్" ఎస్‌క్యూలైట్‌లో ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాలను ఒకటిగా చూస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లో వేరుగా చూస్తుంది. ఒకటిగా చూడాలంటే అక్కడ "ఐలైక్" వాడాలి. ఆరోహణ క్రమంలో అమర్చినప్పుడు నల్ (ఖాళీ) విలువలు ఎస్‌క్యూలైట్‌లో ముందు, పోస్ట్‌గ్రెస్‌లో చివర వస్తాయి. జంట కొటేషన్ గుర్తుల మధ్య రాసిన మాటను, ఆ పేరుతో కాలమ్ లేకపోతే, ఎస్‌క్యూలైట్ మామూలు టెక్స్ట్‌గా తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ మాత్రం ఆ కాలమ్ లేదని తప్పు చూపుతుంది. ఈ తేడాలున్నందువల్ల అసలు వాడకంలో పోస్ట్‌గ్రెస్, పరీక్షలకు మాత్రం ఎస్‌క్యూలైట్ అన్న ఏర్పాటు నాకు నచ్చదు. పరీక్షలు వేగంగా పాసవుతాయి గానీ, అవి పరీక్షిస్తున్నది వేరే డేటాబేస్‌ను.

డేటాను తరలించడానికి పీజీలోడర్ వంటి పరికరం వాడవచ్చు, లేదా టేబుల్‌కొక సీఎస్‌వీ తీసి పోస్ట్‌గ్రెస్ కాపీ ఆదేశంతో ఎక్కించవచ్చు. రాతలను ఆపి, చివరి బ్యాకప్ తీసి, ఎక్కించి, ప్రతి టేబుల్‌లోనూ వరుసల సంఖ్యను, కనీసం ఒక అంకెల కాలమ్ మొత్తాన్ని రెండు వైపులా పోల్చండి. పాత ఐడీలతో వరుసలను ఎక్కించినప్పుడు పోస్ట్‌గ్రెస్‌లోని సీక్వెన్స్ (కొత్త ఐడీలను ఇచ్చే లెక్క) తనంతట తాను ముందుకు జరగదు. ప్రతి సీక్వెన్స్‌ను సెట్‌వాల్‌తో ఆ టేబుల్‌లోని గరిష్ఠ ఐడీకి జరపండి. లేకపోతే పోలికలన్నీ సరిగ్గా తేలి, అప్లికేషన్ తెరిచాక వచ్చే మొదటి కొత్త వరుసే డూప్లికేట్ కీ అంటూ తిరిగి వస్తుంది.